గప్పీ తొట్టిలో ఉప్పు

మా ఇంట్లో 20 లీటర్ల గాజు తొట్టి ఉంది. బెంగళూరులో పని చేసే మా అన్న ఉగాదికి వల్లూరు వచ్చినప్పుడు ఆరు గప్పీ చేపలు తెచ్చినాడు. ఎండలకు తొట్టిలో నీళ్లు తగ్గేవి. తగ్గినప్పుడల్లా నేను బోరు నీళ్లు పోసి నింపేదాన్ని. రెండు నెలలకు చేపలు మందంగా అయిపోయి, మేత వేసినా పైకి రాలేదు.

అన్నకు ఫోన్ చేస్తే టీడీఎస్ మీటరు పంపించినాడు. పెన్ను మాదిరి ఉంటుంది, కొనకు రెండు లోహపు పుల్లలు. నీళ్లలో ముంచితే వాటి మధ్య కరెంటు ఎంత పారుతుందో చూసి, కరిగిన ఉప్పులన్నీ కలిపి అంకె చూపిస్తుంది. మా బోరు నీళ్లు 1140. తొట్టి నీళ్లు 1910! అంటే లీటరుకు 1910 మిల్లీగ్రాములు. ఆవిరైపోయేది నీళ్లే, ఉప్పు తొట్టిలోనే ఉంటుంది. పైన మళ్లీ ఉప్పు నీళ్లే పోస్తే పెరగక ఏమవుతుంది? సముద్రంలో లీటరుకు 35 గ్రాములు ఉంటుందట, అంత దూరం పోలేదు, నయం.

భయపడి తొట్టి మొత్తం పారబోసి ఫిల్టర్ నీళ్లు నింపినాను. మీటరు 46 చూపించింది. మంచి పని చేసినాననుకున్నాను. తెల్లారేసరికి రెండు గప్పీలు తేలుతున్నాయి.

సైన్సు సార్‌ను అడిగినాను. చేప ఒంట్లోనూ ఉప్పు ఉంటుంది. చుట్టూ ఉన్న నీళ్లు ఉన్నట్టుండి పలచనైతే ఆ నీళ్లు మొప్పల గుండా ఒంట్లోకి చొరబడతాయి, చేప తట్టుకోలేదు అన్నారు. పైగా గప్పీలకు సున్నం ఉన్న గట్టి నీళ్లే ఇష్టమట. అప్పటి నుంచి వారానికి నాలుగు లీటర్లు తీసేసి, బోరు నీళ్లూ ఫిల్టర్ నీళ్లూ సగం సగం కలిపి పోస్తున్నాను. మిగిలిన నాలుగూ బాగున్నాయి.

ఇదంతా చూస్తున్న మా అవ్వ, "ఏమే, నా కాళ్ల నొప్పులు నీళ్లతోనేనా? నీ మీటరు చెప్తుందా?" అనింది. అవ్వ ఇప్పటికీ బోరు నీళ్లే తాగుతుంది. ఫిల్టర్ నీళ్లు సప్పగా ఉంటాయంట.

నాకు జవాబు తెలియలేదు. మళ్లీ సార్ దగ్గరికే పోయినాను. పావగడ తాలూకా బోర్లలో ఫ్లోరైడ్ బాధ ఎప్పటి నుంచో ఉంది. తాగే నీళ్లలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. 1140లో ఒకటిన్నర! మీటరు ఉప్పు ఎంతో చెప్తుంది గానీ ఏ ఉప్పో చెప్పదు. ఫ్లోరైడ్‌కు వేరే పరీక్ష చేయాల్సిందే. కాచినా అది పోదు, నీళ్లు ఇంకి ఇంకా చిక్కనవుతుంది. అమ్మ మాత్రం అవ్వకు ఇన్నాళ్లూ కాచే ఇస్తోంది.

సోమవారం ఒక ప్లాస్టిక్ సీసా కడిగి బోరు నీళ్లు పట్టి సార్‌కు ఇచ్చినాను, పరీక్షకు పంపిస్తామన్నారు. రిపోర్టు ఇంకా రాలేదు. అంతదాకా అవ్వ చెంబులో ఫిల్టర్ నీళ్లే పోస్తున్నాను. "చేపలకు మంచి నీళ్లు, నాకు సప్ప నీళ్లా?" అని రోజూ తిడుతుంది.