మేవాడ్ కొలువులో వలందా దొర

సూరత్ నుంచి ఉదయపూర్‌కు బస్సులోనే వెళ్లాలని ముందే అనుకున్నాను. 1711లో యోహాన్ యోసువా కెటలార్ నాయకత్వంలో డచ్చి కంపెనీ రాయబారులు సూరత్‌లోనే బయల్దేరారు. వ్యాపార ఫర్మానాల కోసం లాహోరులో ఉన్న మొగలు పాదుషా బహదూర్ షా దగ్గరికి వెళ్తూ, దారిలో ఉదయపూర్‌లో మేవాడ్ మహారాణా రెండో సంగ్రామ్ సింగ్ కొలువులో ఆగారు. ఆ భేటీని ఉదయపూర్ చిత్రకారులు బొమ్మకట్టారు. ఆ బొమ్మల్లో ఒకటి లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. దాని ఫోటో నా సంచిలో ఉంది.

కెటలార్ గొప్పింటి బిడ్డేమీ కాదు. బాల్టిక్ తీరాన ఎల్బింగ్‌లో పుట్టాడు, పుస్తకాల బైండింగు పని నేర్చాడు, కంపెనీ సిపాయిగా ఓడెక్కాడు. 1698 నాటికి హిందూస్తానీకి డచ్చి భాషలో వ్యాకరణం రాశాడు. ఆ భాషకు యూరోపియన్లు రాసినవాటిలో మనకు దొరికిన మొదటిది అదే. వలందా అంటే డచ్చివాడే; మచిలీపట్నంలో వలందపాలెం పేరు విన్నవాళ్లకు ఈ డచ్చివాళ్లు కొత్త కాదు.

ఆరావళి కొండలు దాటి ఊళ్లోకి దిగాక నేరుగా సిటీ ప్యాలెస్‌కు వెళ్లాను. చీనీ కీ చిత్రశాలి గది గోడల నిండా నీలం, తెలుపు పలకలు. ఎన్నో డచ్చి దేశం నుంచి వచ్చినవి. చల్లగా, నున్నగా మెరుస్తున్నాయి. ఆ గది సంగ్రామ్ సింగ్ కట్టించిందే.

మనకు ఫిరంగి అంటే తోపు. ఇక్కడి బొమ్మల్లో ఫిరంగీ అంటే దొర. వెడల్పాటి టోపీ, భుజాల మీద ఉంగరాల విగ్గు, వరస గుండీల కోటు, మేజోళ్లు, పక్కన ఓ కుక్క: రాయబారులు వెళ్లిపోయాక కూడా మేవాడ్ చిత్రకారులు ఈ రూపాన్ని మళ్లీ మళ్లీ వేశారు. రాయబారం మాటకొస్తే, 1712లో బహదూర్ షా చనిపోయాడు, గద్దెనెక్కిన జహందర్ షా మరుసటి ఏడే హతుడయ్యాడు. కెటలార్ 1718లో పర్షియా తీరాన గోమ్రూన్‌లో కన్నుమూశాడు. అతని టోపీ మాత్రం ఉదయపూర్‌లో ఉండిపోయింది. నన్ను ఇంత దూరం రప్పించింది అదే.

జగదీశ్ ఆలయం దగ్గరి సందులో ఒక చిత్రకారుడు నేలమీద కూర్చుని పని చేస్తున్నాడు. ఉడత తోక వెంట్రుకల కుంచె, ఆల్చిప్పలో రంగు. నా ఫోటో చూసి, "ఫిరంగీ కదా భాయీసాబ్" అని నవ్వాడు. ఒకటి వెయ్యమన్నాను. ముందు టోపీ అంచు గీశాడు. తర్వాత విగ్గులో ఒక్కో ఉంగరం, కోటు మీద ఒక్కో గుండీ. ముఖం దగ్గరికి వచ్చేసరికి వెలుగు తగ్గిపోయింది. "రేపు రండి" అన్నాడు.