పినాకినీ తీరమున కలివికోడి

నందిదుర్గపు గుట్టలలో పుట్టి, ఉత్తరముఖముగా సాగి, అనంతపురపు ఎఱ్ఱనేలలలో తూర్పునకు మళ్లి, మొత్తము 597 కిలోమీటర్లు నడచి నెల్లూరు దిగువను సముద్రమును జేరు పెన్నేరు, సంవత్సరములో అధికభాగము నీటికంటె ఇసుకనే ఎక్కువగా చూపుచుండును. నీటి కఱవుగల ఈ నదీపరీవాహకమే, ప్రపంచమున అత్యంత దుర్లభములైన పక్షులలో నొకటియైన కలివికోడికి ప్రధానావాసము.

నది పుట్టినచోటికి తూర్పున, కోలారు బంగారుగనుల సీమలో 1917లో సేకరింపబడిన యొక గ్రుడ్డు, అబర్డీను విశ్వవిద్యాలయపు సంగ్రహాలయమున దీర్ఘకాలము ఎవరి కంటను బడకయుండి, ఇటీవలనే డి.ఎన్.ఏ. పరీక్షవలన ఈ పక్షిదేయని తేలినది. ఆ గ్రుడ్డు సంగతి తెలియక, 1900లో అనంతపురము చెంత క్యాంబెల్ అను నాతడు చూచినదే కడపటి దర్శనమని పక్షిశాస్త్రజ్ఞులు లెక్కవేసి, దీనిని గతించిన జాతులలో చేర్చుటకును వెనుదీయకుండిరి.

గండికోటవద్ద ఎఱ్ఱమలను చీల్చి, కుందేరును పాపఘ్నిని కలుపుకొని, చెన్నూరు దాటిన పెన్న సిద్ధవటము చేరును. ఇచటనే లంకమల పాదమున, రెడ్డిపల్లె ప్రాంతమున, 1986 జనవరిలో బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమునకు చెందిన భరత్ భూషణ్ అన్వేషణ ఫలించినది. పక్షిని పట్టినది మాత్రము శాస్త్రజ్ఞుడు కాడు. రాత్రి దీపపు వెలుగున వేటాడు స్థానికుడు. తొంబదియేండ్లకు చేరువైన పక్షిశాస్త్రజ్ఞుడు సలీం అలీ దానిని చూచుటకు స్వయముగా వచ్చెను. ఎదపై రెండు గోధుమవన్నె పట్టెలు, కంటిపై వెడల్పైన తెల్లని చాఱ గల ఈ నిశాచరపక్షి పొదలమాటున నేలపై పరుగిడునదే కాని, సులభముగా ఎగిరి తన యునికిని చాటుకొనునది కాదు.

కావున దానిని లెక్కించు విద్యయు విచిత్రమైనదే. సాయంకాలము మెత్తని మన్ను పఱచి చదునుచేసిన బాటలపై ఉదయమున పాదముద్రలను చదువుదురు. స్వయంచాలక కెమెరాల నమర్తురు. ముద్రించిన కూతను మునిమాపువేళ వినిపించి బదులుకై చెవియొగ్గుదురు. ఇట్లు తేలినదేమనగా, దానికి దట్టమైన యడవి పనికిరాదు, బోడినేలయు పనికిరాదు. కలివి, రేగు, తుమ్మపొదల నడుమ అక్కడక్కడ ఖాళీనేల యుండవలెను. మేకలమందలు మితిమీరిన పొద నశించును. మేపు బొత్తిగా లేకున్న పొద మూసికొనిపోవును. మన రెవిన్యూ దస్తరములు బంజరని పేరిడి చులకన చేయు భూమియే దానికి సర్వస్వము. చెట్లు నాటుటయే ప్రకృతిరక్షణమని నమ్మినవారికి ఇది మింగుడుపడదు. ఇట్టిచోట మొక్కలు నాటుటయు అపకారమే కావచ్చును.

దీని రక్షణకై లంకమలలో అభయారణ్యము వెలసిన పిదపకూడ ఆపద తొలగలేదు. 2005లో తెలుగుగంగ కాలువ త్రవ్వకము పక్షి తిరుగు పొదలలోనికే చొచ్చుకొనివచ్చినది; వివాదము న్యాయస్థానములకెక్కి, తుదకు కాలువ దారి మార్పవలసివచ్చెను. దిగువను సోమశిల జలాశయము ఊళ్లను ముంచగా, కదలింపబడిన జనులకు మిగిలినది ఈ మెట్టనేలలే. కఱవుసీమకు నీరు వలదని ఎవరనగలరు? ఆ ప్రజలదియు తప్పుకాదు. ఐనను, కాలువకు గీత గీచుటకు ముందే పాదముద్రలను చదివియుండిన ఇంత తగవు లేకపోయెడిది.

సోమశిల దాటిన నది వరిపొలములలో ప్రవేశించి నెల్లూరు చేరును. 1848లో ఈ పక్షి శాస్త్రలోకమునకు పరిచితమగుటకు కారకుడైన జెర్డను దొర కొంతకాలము వైద్యుడుగా నున్నది ఈ నెల్లూరనే. నెల్లూరి కెగువనున్న కనుమలపైని మెట్టప్రదేశమును, కడపసీమయు దీని తావులని ఆయన తన గ్రంథమున వ్రాసియుంచెను. తరువాతి తరములవారు ఎనుబదియాఱేండ్లు పోయినదనుకొన్న పక్షి, ఆయన చెప్పిన ఆ కడపసీమలోనే దొరకినది.