చివరి పెట్టె దీపం

రైలు వస్తుంటే ప్రయాణికులు ఇంజను వైపు చూస్తారు. స్టేషను సిబ్బంది చూపు మాత్రం చివరి పెట్టె మీద ఉంటుంది. పగలైతే ఆ పెట్టె వెనుక పసుపు రంగుతో వేసిన పెద్ద గుణకారపు గుర్తు, ‘ఎల్వీ’ అన్న అక్షరాలున్న పలక కనిపిస్తాయి. రాత్రివేళ ఎర్రదీపం మినుకుమినుకుమంటుంది. ఆ గుర్తు కనిపిస్తేనే బండి మొత్తంగా వచ్చినట్లు లెక్క. కనిపించకపోతే, లంకె ఊడి కొన్ని పెట్టెలు వెనుక పట్టాల మీదనే ఉండిపోయాయేమోనని అనుమానించాలి. ఆ అనుమానం తీరేవరకు మరో బండిని ఆ దారిలోకి రానివ్వకూడదు. ఇరుసులను లెక్కించే యంత్రాలు వచ్చిన తరువాత కూడ ఈ దీపం విలువ తగ్గలేదు. అమెరికాలో 1980 దశకంలో సరకు రవాణా బండ్ల చివర ఉండే సిబ్బంది పెట్టెలను క్రమంగా తొలగించి, వాటి స్థానంలో ఎర్రగా మెరిసే ఒక పరికరాన్ని తగిలించారు. అది బ్రేకు గొట్టంలోని గాలి పీడనాన్ని కొలిచి రేడియో ద్వారా ఇంజనుకు తెలియజేస్తుంది.

ఆరోగ్య విషయాలు వ్రాసే చోట రైలు దీపం ప్రసక్తి ఎందుకని పాఠకులకు సందేహం కలుగవచ్చు. పదవీ విరమణ తరువాత నేను బొమ్మ రైళ్ళ నమూనాలు కూర్చడం అలవాటు చేసుకున్నాను. మా గదిలో బల్ల మీద, అసలు కొలతలో 87వ వంతుకు తగ్గించిన రైలు తిరుగుతుంది. దాని పట్టాల మధ్య వెడల్పు 16.5 మిల్లీమీటర్లు. సెలవులకు వచ్చిన తొమ్మిదేళ్ళ మనుమడు ఒక రాత్రి గదిలో దీపాలార్పి దాన్ని నడిపి, “తాతయ్యా, మన బండికి వెనక లైటేదీ?” అని అడిగాడు. న్యాయమైన ప్రశ్న. దీపం పెట్టాలని నిర్ణయించుకున్నాను.

మా అబ్బాయి సులువైన మార్గం చెప్పాడు. “నాన్నగారూ, మెరిసే ఎల్‌ఈడీ ఒకటి, బటన్ బ్యాటరీ ఒకటి పెట్టెలో పెట్టేస్తే పది నిమిషాల పని. ఈ వయసులో సన్న తీగలతో మీకెందుకండీ అవస్థ?” అన్నాడు. అతడన్నది నిజమే. మూడు వోల్టుల బటన్ బ్యాటరీ 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. పెట్టె కప్పు క్రింద చక్కగా ఇముడుతుంది. కాని మా మనుమడికి ఏడాదిన్నర చెల్లెలుంది. ఆ పాప చేతికందిన ప్రతి వస్తువు ముందుగా నోటిలోకే పోతుంది. బొమ్మ పెట్టె కప్పు గోటితో లేపితే ఊడివచ్చేది.

నేను ఉద్యోగంలో ఉన్న రోజులలో అదే వయసు పాపను తల్లిదండ్రులు తీసుకువచ్చారు. ముందు రోజు నుంచి పాలు త్రాగడం లేదు, చొంగ ఆగకుండా కారుతూంది. రూపాయి బిళ్ళ మ్రింగిందేమోనని వారి అనుమానం. ఎక్స్‌రేలో గుండ్రని నీడ కనిపించింది. అయితే ఆ నీడ అంచున ఒకదానిలో ఒకటి ఒదిగినట్లు రెండు వలయాలున్నాయి. నాణేనికి అలా ఉండదు. అది బటన్ బ్యాటరీ. వెంటనే పెద్దాసుపత్రికి పంపించాము. అక్కడ అంతర్దర్శినితో దానిని తీసివేశారు. పాప బ్రతికింది. కాని కాలిన అన్నవాహిక మానుతూ మానుతూ సన్నబడిపోయింది. దానిని వెడల్పు చేయించుకోవడానికి ఆ తల్లి బిడ్డను ఎత్తుకొని ఎన్నిసార్లు ఆసుపత్రి మెట్లెక్కిందో! పప్పన్నం ముద్ద మ్రింగడం కూడ ఆ పాపకు చాలా కాలం పరీక్షగానే ఉండేది.

బ్యాటరీ నుంచి రసాయనం కారడం వలననే ఈ హాని కలుగుతుందని చాలమంది అనుకుంటారు. అసలు కారణం విద్యుత్తు. తడిగా ఉండే అన్నవాహికలో బ్యాటరీ చిక్కుకుంటే దాని రెండు ధ్రువాల మధ్య కణజాలం గుండా విద్యుత్తు ప్రవహిస్తుంది. ఋణ ధ్రువం దగ్గర తీవ్రమైన క్షారం పుట్టి కణజాలాన్ని కాల్చుతుంది. రెండు గంటలలోనే తీవ్రమైన గాయం కావచ్చు. గాయం లోతుగా ప్రాకితే అన్నవాహికకు, శ్వాసనాళానికి మధ్య రంధ్రం పడవచ్చు. బృహద్ధమనిని చేరితే ప్రాణాంతకమైన రక్తస్రావం జరుగుతుంది. పరికరాన్ని నడపలేని ‘అయిపోయిన’ బ్యాటరీలో కూడ ఈ హానికి సరిపడే శక్తి మిగిలి ఉంటుంది.

పిల్లలు బ్యాటరీ మ్రింగారన్న అనుమానం కలిగితే చాలు, లక్షణాలకై ఎదురుచూడకుండా ఎక్స్‌రే, అంతర్దర్శిని ఉన్న ఆసుపత్రికి వెళ్ళాలి. వాంతి చేయించకూడదు. అన్నం, అరటిపండు పెట్టి లోపలికి నెట్టే ప్రయత్నం చేయకూడదు. ఏడాది వయసు దాటిన బిడ్డ మ్రింగగలుగుతూ ఉంటే, బ్యాటరీ మ్రింగి 12 గంటలు దాటకపోతే, దారిలో పది నిమిషాలకొకసారి రెండు చెంచాల తేనె, ఆరుసార్ల వరకు ఇవ్వవచ్చు. తేనె గాయం తీవ్రతను కొంత తగ్గిస్తుంది. దానికోసం ప్రయాణం మాత్రం ఆపవద్దు. ఏడాది లోపు బిడ్డలకు తేనె పనికిరాదు.

ఇవన్నీ తెలిసిన తరువాత పది నిమిషాల మార్గం నాకు మార్గంగా తోచలేదు. పట్టాల నుంచే విద్యుత్తు తీసుకోవాలనుకున్నాను. మా బొమ్మ రైలు డిజిటల్ పద్ధతిలో నడుస్తుంది గనుక బండి ఆగినా పట్టాలలో సుమారు 15 వోల్టులు ఉంటాయి. పెట్టె క్రింద లోహపు చక్రాలకు తాకేలా సన్నని కంచు రేకులు అమర్చాను. ఆ రేకుల నుంచి వచ్చే విద్యుత్తు నాలుగు డయోడుల వంతెన గుండా పోయి ఏకముఖమవుతుంది. చక్రం క్రింద దుమ్ము అడ్డుపడినపుడు దీపం ఆరకుండా 470 మైక్రోఫారడుల కెపాసిటర్ క్షణకాలం ఆదుకుంటుంది. పట్టాలలోకి విద్యుత్తు రాగానే అది ఒక్కసారిగా గుంజకుండా దాని ముందు చిన్న నిరోధకం పెట్టాను. తరువాత మూడు కాళ్ళ నియంత్రకం వోల్టేజిని ఐదుకు తగ్గిస్తుంది. ఆపైన లోపలనే మెరిపించే చిప్ ఉన్న ఎల్‌ఈడీ.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. మెరిసే ఎల్‌ఈడీ వెడల్పు మూడు మిల్లీమీటర్లు. 87తో హెచ్చిస్తే 26 సెంటీమీటర్లు అవుతుంది. అంటే పెట్టె వెనుక పళ్ళెమంత దీపం! అందుచేత ఎల్‌ఈడీని పెట్టె లోపలనే ఉంచి, ఒకటిన్నర మిల్లీమీటర్ల కాంతితంతువుతో వెలుగును బయటకు తెచ్చాను. తంతువులోని వెలుగు గోడలకు తగిలి సంపూర్ణ పరావర్తనం చెందుతూ వంపులలో కూడ ముందుకు సాగుతుంది. ఆ పాప గొంతులోనికి వైద్యులు వెలుగును పంపినది కూడ ఇటువంటి తంతువులతోనే.

ఈ పనికి నాకు మూడు వారాలు పట్టింది. వయసు మీరిన కంటిలో పాప చిన్నదవుతుంది, లోపలికి చేరే వెలుతురు తగ్గుతుంది. అందువలన కళ్ళజోడుతోబాటు బల్లమీద మంచి దీపం, భూతద్దం అవసరం. పని చేసేటపుడు నా చేతులు కొద్దిగా వణుకుతాయి. చేయి ఒడిలో ఊరక ఉన్నపుడు కనిపించే వణుకు పార్కిన్సన్ వ్యాధి లక్షణం కావచ్చు. చేయి చాచినపుడో, పనిలో ఉన్నపుడో కనిపించే వణుకు చాలమంది వృద్ధులలో వేరే కోవకు చెందినది. ఏదైనా కొత్తగా మొదలయితే వైద్యులకు చూపించుకోవాలి. నేను ముంజేతులు బల్లకు ఆనించి, కాఫీ త్రాగకముందే ఉదయం పూట టంకం పని చేసేవాడిని. అరగంటకొకసారి లేచి నడిచేవాడిని.

టంకపు తీగలో తగరం, సీసం ఉంటాయి. టంకం వేసే వేడికి సీసం ఆవిరి కాదు. లేచే పొగ పైన్ చెట్ల బంకది. ఆ పొగ ఉబ్బసాన్ని కలిగించగలదు. అందుచేత కిటికీ తెరచి, పంకా గాలి పొగను ముఖానికి దూరంగా లాగేలా పెట్టుకోవాలి. సీసం చేతి వ్రేళ్ళనుంచి నోటిలోకి పోతుంది. పని కాగానే సబ్బుతో చేతులు కడుక్కోవాలి, ఆ బల్లమీద తినుబండారాలు పెట్టకూడదు. పసిపిల్లల మెదడుకు సీసం ఇంత వరకు ఫరవాలేదని చెప్పదగిన మోతాదు లేదు.

దీపం మెరిసే వేగాన్ని కూడ గమనించాను. సెకనుకు మూడు నుంచి ముప్పైసార్లు మెరిసే తీవ్రమైన వెలుగు కొందరిలో మూర్ఛను రేపగలదు. 1997 డిసెంబరులో జపాను టెలివిజనులో ఒక కార్టూను చిత్రంలో ఎరుపు, నీలం కాంతులు సెకనుకు 12 సార్లు మారడంతో వందలమంది పిల్లలను ఆసుపత్రులకు చేర్చవలసి వచ్చింది. మా దీపం సెకనుకు రెండుసార్లకు మించి మెరవదు. చిన్నది, మసకది. భయం లేదు.

పెట్టె కప్పును రెండు చిన్న మరలతో బిగించాను. ఇప్పుడు పాప ఆ బండిని పట్టుకుంటే అన్నయ్య కేకలు వేస్తాడు. పెద్దవాళ్ళం మాత్రం పరుగెత్తడం లేదు. బండి పడిపోతే అతికించుకోవచ్చు.

మీ ఇంటిలో బొమ్మ రైలు లేకపోవచ్చు. కాని టీవీ రిమోటు, బరువు చూసుకొనే యంత్రం, గ్లూకోజు మీటరు, పాట పాడే శుభాకాంక్షల కార్డు, పూజామందిరంలోని ఎలక్ట్రానిక్ దీపాలు ఉంటాయి. వీటిలో చాలవాటిలో బటన్ బ్యాటరీలే ఉంటాయి. నేడే ఒక్కొక్కటి తిరగేసి చూడండి. మూతకు మర లేకపోతే గట్టి టేపు చుట్టండి, లేదా పిల్లలకందని చోట పెట్టండి. తీసివేసిన బ్యాటరీకి రెండు వైపులా టేపు అంటించి పారవేయండి. ఇంటిలో పసిబిడ్డ ఉంటే ఈ పనిని రేపటికి వాయిదా వేయకండి.