సారస విహంగం

సరస్సులను ఆశ్రయించి జీవించే బెగ్గురు పక్షికి సంస్కృతంలో సారసమని పేరు. బెంగళూరులోని జాతీయ వైమానిక ప్రయోగశాల తాను రూపొందించిన తేలికపాటి ప్రయాణిక విమానానికి ఆ పక్షి పేరే పెట్టింది. పద్నాలుగు మంది కూర్చొనదగిన ఆ 'సారస్' 2004 మే 29న తొలిసారి గగనానికెగసింది.

దాని నిర్మాణంలో ఒక విశేషముంది. జంట ఇంజన్ల చిన్న విమానాలలో సాధారణంగా ఇంజన్లు రెక్కలకు అమరి ఉంటాయి. ముందువైపు తిరిగే పంకాలు విమానాన్ని లాగుతాయి. సారస్‌లోనో ఇంజన్లు తోకకు సమీపంలో, దేహానికి ఇరుప్రక్కలా ఉంటాయి. పంకాలు విమానాన్ని వెనుకనుండి నెడతాయి. అందువల్ల ప్రయాణికులకు రొద తగ్గుతుంది.

ఇంజన్లు రెండుండటంలోని పరమార్థం రక్షణ. ఒకటి ఆగినా రెండవది ఆదుకోవాలి. ఈ విషయాన్ని కాగితంపై నిరూపిస్తే చాలదు. ఆకాశంలో ఒక ఇంజనును బుద్ధిపూర్వకంగా ఆపి, తిరిగి నడిపి చూడాలి. 2009 మార్చి 6న అట్టి పరీక్ష జరుగుతుండగా రెండవ నమూనా విమానం బెంగళూరు సమీపంలోని బిడది వద్ద కూలిపోయింది. వాయుసేనకు చెందిన ముగ్గురు అధికారులు అసువులు బాశారు. ఇంజనును తిరిగి నడిపేందుకు అనుసరించిన పద్ధతిలోనే దోషమున్నదని విచారణలో తేలింది.

ఆ విషాదంతో సారస్ ప్రయత్నం చాలాకాలం కుంటువడింది. అయినా శాస్త్రజ్ఞులు దానిని విడిచిపెట్టలేదు. తగిన మార్పులు చేసిన తొలి నమూనా 2018 జనవరి 24న మళ్లీ ఎగిరింది.

విమానమెక్కిన ప్రయాణికుడు నిశ్చింతగా కనులు మూసుకొంటాడు. ఆ నిశ్చింతకు తగిన వెలను అతనికంటె ముందే ఎవరో చెల్లించి ఉంటారు.