శాలువా లేని సభలు

తెలుగు సాహిత్య సభకు ఒక వరస ఉంటుంది. ప్రార్థనా గీతం, జ్యోతి ప్రజ్వలన, వేదిక మీదికి ఆహ్వానాలు, ఒక్కొక్కరికీ పూలగుత్తి, అధ్యక్షుల వారి తొలిపలుకులు. కవి వంతు వచ్చేసరికి సగం కుర్చీలు ఖాళీ. ఎనభైల రెండో సగంలో హనుమకొండలో మా కాలేజీ పిల్లలం కొందరం కలిసి నడిపిన సాయంత్రాల్లో ఇవేవీ ఉండేవి కావు. ఏదో విప్లవం తేవాలని తీసేసినవి కావు. డబ్బుల్లేక లేవు. ఒక శాలువా ఖరీదు పెడితే సికింద్రాబాద్ నుంచి ఒక రచయితకు రానూపోనూ సెకండ్ క్లాస్ టికెట్టు వచ్చేది. టికెట్టే కొన్నాం.

ఆ సభలకు పేరు కూడా పెట్టలేదు. నోటీసు బోర్డు మీద ‘శనివారం ఐదింటికి’ అని రాసి, కింద వచ్చే రచయిత పేరు రాసేవాళ్లం. అంతే.

ఊళ్లో సాహిత్యానికి కరువేం లేదు. కవి కాళోజీ అక్కడే ఉండేవారు. ఆయన మిత్రమండలిలో రాసినవి చదివి వినిపించుకోవడం మా నాన్న తరానికే అలవాటు. 1966లో మొదలైన ‘సృజన’ పత్రిక అప్పటికీ వస్తోంది. అందులో కొన్ని సంచికలు నిషేధాన్ని కూడా చూశాయి. అంచేత ఆ ఊళ్లో కవిని పిలుస్తామంటే పెద్దవాళ్లకు గుండె దడ. “వచ్చేది ఎవరు? ఏం చదువుతాడు? రాసివ్వండి” అన్నారు కాలేజీ వారు. చదవబోయే కవితల నకలు ముందే ఇస్తేనే సెమినార్ హాలు తాళం ఇస్తామన్నారు. ఏ కవిని అలా అడుగుతాం? అబ్బాయిల హాస్టల్ మెస్‌కి మాత్రం తాళం లేదు. సాయంత్రం టీకీ రాత్రి భోజనానికీ మధ్య రెండు గంటలు అది ఖాళీ. సాంబారు వాసన ఇంకా వదలని ఆ బల్లల మధ్యనే మా సభలన్నీ జరిగాయి.

రచయితలకు కార్డు ముక్క రాసేవాళ్లం. చాలామంది జవాబిచ్చేవారు. సికింద్రాబాద్‌లో మధ్యాహ్నం గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే సాయంత్రం టీ వేళకు కాజీపేట. అబ్బాయిలు స్టేషన్‌కు వెళ్లి ఆటోలో తెచ్చేవారు. ఆ రోజుల్లో హైదరాబాద్ లక్డీకాపూల్‌లోని ద్వారకా హోటల్లో కవి శివారెడ్డి గారి చుట్టూ కవులు చేరుతుండేవారు కదా, ఆ బల్ల దగ్గర ఎవరో ఒకరు “వరంగల్‌లో పిల్లలు పిలుస్తున్నారు, పో” అంటే చాలు, మాకు ఒక శనివారం గట్టెక్కేది. రాత్రికి బస హాస్టల్ గదిలో. మంచం ఖాళీ చేసి ఇచ్చినవాడు కింద పడుకునేవాడు. ఖర్చులన్నీ మిరపకాయ బజ్జీలకూ మర్మరాలకూ టీకీ. తలా రెండు రూపాయలు వేసుకునేవాళ్లం. వేయనివాళ్లే ఎక్కువ తినేవారు.

మైకు లేదు. మొదట్లో ఒక కవిగారు లేచి, కవి సమ్మేళనాల అలవాటు చొప్పున ఒక్కో పాదాన్నీ రెండేసి సార్లు చదివి చప్పట్ల కోసం ఆగడం మొదలుపెట్టారు. ఇది ఉర్దూ ముషాయిరాల నుంచి మనకు అంటుకున్న పద్ధతి. గజల్‌లో రెండో పాదం కోసం ఎదురుచూపు ఉంటుంది కాబట్టి అక్కడ చెల్లుతుంది. వచన కవితను అలా రెండేసి సార్లు చదివితే దాని నడక విరిగిపోతుంది. ఆయన సగంలో ఉండగా వంటగది గుమ్మంలో నిలబడ్డ మల్లయ్య తాత, గరిటె చేతిలోనే ఉంది, “సారూ, గది మళ్లొక్కపారి సదువున్రి. ఫాను మోతకు ఇనవడలే” అన్నాడు. ఎవరో లేచి ఫ్యాన్లు ఆపేశారు. కవిగారు మొదటి నుంచి చదివారు. ఈసారి ఆగలేదు, ఏ పాదమూ రెండోసారి చదవలేదు. కవిత చిన్నదైంది, బాగుంది. ఆ రోజు నుంచి ఎవరొచ్చినా ఫ్యాన్లు ఆపడం రివాజైంది. మార్చి నెలలో కూడా. చెమటలు కారుతూ విన్నాం.

కవుల సంగతి సులువు. నవలా రచయితలతోనే చిక్కు. మనవాళ్లలో నవల రాసినవాళ్లు నవల గురించి మాట్లాడటానికి వస్తారు తప్ప నవల చదవడానికి రారు. ఒకాయన ‘నవల - సామాజిక బాధ్యత’ అని ఠావుల నిండా ఉపన్యాసం రాసుకొచ్చారు. “అది వద్దు సార్, ఒక చాప్టర్ చదవండి” అన్నాం. “నవల నేను చదివేదేంటమ్మా? అది మీరు చదువుకోవాలి” అని నవ్వారు. పైగా పుస్తకం తెచ్చుకోలేదు. ఒకబ్బాయి సైకిలేసుకుని చౌరస్తాలోని అద్దె పుస్తకాల షాపుకు పోయి ఆయన నవలే పట్టుకొచ్చాడు. అట్ట లేదు. దళసరి కాగితంతో బైండు చేసి, మీద స్కెచ్ పెన్నుతో నంబరేశారు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కళ్లజోడు సవరించుకుని మొదలుపెట్టారు.

నాలుగు పేజీలయ్యాక ఆగారు. మార్జిన్‌లో ఎవరో పెన్సిల్‌తో రాశారు. “‘హీరో వట్టి దద్దమ్మ’ అట” అని పైకే చదివారు. మెస్సంతా నవ్వు. ఇంకో చోట ‘ఇక్కడ ఏడ్చాను’ అని ఉంది. అదీ చదివారు, ఈసారి ఎవరూ నవ్వలేదు. మరి కాస్త ముందుకెళ్తే రెండు కాగితాలు చిరిగిపోయి లేవు. ఆ భాగం ఆయన పుస్తకం మూసి, నోటితో చెప్పారు. తండ్రీకొడుకుల తగాదా అది. మా పక్కింటి సంగతి చెబుతున్నట్టు చెప్పారు. తర్వాత నేను ఆ నవల కొని అదే చోటు తీసి చూశాను. అచ్చులో ఉన్నదానికంటే ఆయన ఆ సాయంత్రం చెప్పిందే మేలు.

రావలసినవారు రాని శనివారాలూ ఉండేవి. అప్పుడు మేమే చదివేవాళ్లం. నవీన్ నవల ‘అంపశయ్య’ 1969లో వచ్చింది. ఉస్మానియా హాస్టల్లో ఉండే రవి అనే విద్యార్థి ఒక్క రోజు బతుకు. మా హాస్టళ్లలో దాన్ని చదవనివాళ్లు అరుదు, కానీ అందరూ కళ్లతో చదివినవాళ్లే. వంతులు వేసుకుని పైకి చదివితే ఆ తెగని ఆలోచనల ధార ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో తెలిసింది.

అమ్మాయిలకు ఇందులో ఒక అన్యాయం ఉంది. మా హాస్టల్ గేటు ఏడింటికి మూసేవారు. అసలు కబుర్లన్నీ చదవడం అయ్యాక, రాత్రి అబ్బాయిల గదుల్లో. సభ నడిపింది నేనైనా ఆరూ యాభైకి చెప్పులేసుకుని పరుగెత్తాల్సిందే. మర్నాడు క్యాంటీన్‌లో అబ్బాయిలు “రాత్రి సార్ ఏమన్నారంటే” అని మొదలుపెడితే ఒళ్లు మండేది.

ఓల్గా నవల ‘స్వేచ్ఛ’ 1987లో వచ్చింది. అది మా గదుల్లో చేతులు మారుతున్న రోజుల్లోనే ఒక రచయిత్రిని పిలిచాం. అబ్బాయిల హాస్టల్లో దించలేం కాబట్టి ఆవిడ మా దగ్గరే ఉన్నారు. ఏడింటికి గేటు పడింది. ఈసారి బయట మిగిలింది వాళ్లు. ఆవిడ మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని, సాయంత్రం చదవని కథ ఒకటి సంచిలోంచి తీశారు. చేతిరాత ప్రతి, కొట్టివేతలతో సహా. “అక్కా, ఇది అక్కడ ఎందుకు చదవలేదు?” అని అడిగాం. “ఇంట్లో వాళ్లకు ఇంకా చూపించలేదు” అన్నారు. ఆవిడ పేరు ఇక్కడ రాయను. ఆ రాత్రి మాటలు అచ్చు కోసం చెప్పినవి కావు. మర్నాడు క్యాంటీన్‌లో అబ్బాయిలు ఎంత అడిగినా మేం నోరు విప్పలేదు.

మా తర్వాతి వాళ్లు కొన్నాళ్లు నడిపారు. ఆ తర్వాత దానికి ఒక కమిటీ వచ్చింది, కమిటీతోపాటు సెమినార్ హాలు తాళమూ వచ్చింది. ఆపైన వేదిక, బ్యానరు, శాలువా అన్నీ వచ్చాయి. నేను ఒకసారి వెళ్లాను. ముగ్గురు వక్తలు కవి గొప్పతనం చెప్పాక, టైమైపోయిందని ఆయనకు చీటీ పంపారు.

సభలు పెట్టేవారికి ఒక్క మనవి. ఈసారి ఆహ్వాన పత్రిక అచ్చుకిచ్చేటప్పుడు ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి - ఈ ముగ్గురిలో ఇద్దరి పేర్లు కొట్టేయండి. అలా మిగిలే ముప్పావుగంట రచయితకివ్వండి. పుస్తకం తెచ్చుకోమని ముందే ఫోన్ చేసి చెప్పండి. చాలామంది తెచ్చుకోరు.