మామూ తెచ్చిన రాడో

సాయంత్రం డెస్కులో కూర్చోగానే నేను చేసే మొదటి పని ఎడమ చేతి ఘడీ విప్పడం. జేబురుమాలు నాలుగు మడతలు పెట్టి, దాని మీద ఘడీని ఒక పక్కకు పడుకోబెడతా. చాబీ ఉన్న వైపు పైకి ఉండాలి. ముఖం కిందికి మాత్రం అసలు ఉండొద్దు. ఆ తర్వాతే కీబోర్డు ముట్టుకుంటా. మా డెస్కు పిల్లలు నవ్వుతారు. "సార్ ఘడీకి బిస్తర్ వేసిండు, ఇగ పేజీలు మొదలు" అంటారు. నవ్వనీ. ఆ ఘడీ నా కమాయి కాదు. అమానత్.

అది రాడో డయాస్టార్. మా నిజామాబాద్‌లో గల్ఫ్‌కి మనిషి పోయిన ఇళ్లకి ఆ పేరు గురించి కొత్తగా చెప్పే పని లేదు. ఒకప్పుడు సౌదీ నుంచి ఎవరైనా వచ్చారంటే బ్రూట్ సెంటు, టేప్ రికార్డర్, మెత్తటి కంబళి తెచ్చేవారు. బాగా కలిసొచ్చిన వాళ్లయితే చేతికి రాడో ఉండేది. నికాహ్‌లలో దూల్హా మణికట్టు చూసి అత్తారింటి హైసియత్ అంచనా కట్టిన రోజులు అవి. 1962లో ఈ మోడల్ వచ్చినప్పుడు స్విట్జర్లాండ్ కంపెనీ దీన్ని గీత పడని ఘడీ అని అమ్మింది. పై చట్రం టంగ్‌స్టన్ కార్బైడ్, అద్దం సఫైర్. ఆ మాట అబద్ధమేమీ కాదు. ముప్పై ఏళ్లు దాటినా నా ఘడీ చట్రం అద్దంలా మెరుస్తుంది. మరి ఈ బిస్తర్ ఎందుకంటారా? చైన్ స్టీలుది. గీతలన్నీ ముఖాన్ని వదిలేసి చైన్‌ని పట్టుకున్నాయి.

మా మామూ 1984లో దమ్మామ్ పోయినప్పుడు వీసా పైసలకి అబ్బా అమ్మీ కంగన్లు సేట్ దుకాణంలో గిర్వీ పెట్టారు. ఈ సంగతి మాకెవరూ చెప్పలేదు. అమ్మీ ఖాళీ చేతులతో నికాహ్‌లకి పోవడం చూసి మాకే అర్థమైంది. కొన్నేళ్లకి మామూ కంగన్లు విడిపించారు. 1991లో ఛుట్టీ మీద వచ్చినప్పుడు పచ్చ డబ్బీలో ఈ ఘడీ తెచ్చి దస్తర్‌ఖాన్ దగ్గర అబ్బా ముందు పెట్టారు. "దుల్హేభాయ్, యే ఆప్ కా" అన్నారు. అంతే, ఇంకో మాట లేదు. ఇద్దరూ మాటల మనుషులు కారు. లోపల ఒక చిన్న లంగరు బొమ్మ ఉంటది. ఘడీని వంచితే అది కూడా తిరుగుతది. ఆ రాత్రి నేనూ చెల్లీ దాన్ని ఎన్నిసార్లు వంచామో లెక్క లేదు.

అబ్బా దాన్ని పెట్టుకోలేదు.

అప్పుడు అబ్బా బోధన్ నిజాం షుగర్ ఫ్యాక్టరీలో చెరకు కాంటా దగ్గర క్లర్కు. 1937లో పెట్టిన ఫ్యాక్టరీ అది. దాని చుట్టూ ఏర్పడ్డ ఊరికి పేరే శక్కర్‌నగర్. క్రషింగ్ సీజన్‌లో ఎడ్లబండ్లు, ట్రాక్టర్లు రోడ్డు పొడుగునా లైను కట్టేవి. రాత్రంతా చలిలో బండి మీద పడుకున్న రైతు తెల్లారి కాంటా ముందుకొస్తాడు. తూకం చీటీ రాసేది మా అబ్బా. "ఆ చేతికి రాడో చూస్తే రైతు ఏమనుకుంటాడు? మేరే బండీ మే సే కిత్తా కాటా అనుకుంటాడు" అనేవారు అబ్బా. నా బండిలోంచి ఎంత కోశాడో అని. అందుకే ఈద్‌కీ నికాహ్‌లకీ తప్ప ఆ డబ్బీ అల్మారీ దాటలేదు. రోజువారీ చేతికి హెచ్‌ఎంటీ జనతా ఉండేది. ఫజర్ తర్వాత దానికి చాబీ ఇచ్చేవారు. భోంగా మోగేకన్నా ముందే గేటు దాటాలని ఐదు నిమిషాలు ముందుకు పెట్టుకునేవారు.

ఆ హెచ్‌ఎంటీ అద్దం నిజానికి అద్దం కాదు, ప్లాస్టిక్. కాంటా ఆఫీసు ఇనుప మేజా అంచు తగిలి వారానికో గీత పడేది. జుమా రోజు అబ్బా కాస్త పళ్ల పేస్టు పెట్టి పాత బనియన్ ముక్కతో రుద్దేవారు. గీత మాయం! మాకది జాదూలా ఉండేది. పైగా ముఖం మణికట్టు లోపలివైపు వచ్చేలా కట్టేవారు. కార్బన్ పెట్టి చీటీలు రాసే చేతికి అదే హిఫాజత్.

మామూ ఆఖరి ఖబర్ దమ్మామ్ నుంచే వచ్చింది. అక్కడి మట్టిలోనే కలిశారు. ఆ చాలీస్వాఁ అయ్యాక అబ్బా అల్మారీ తెరిచి డబ్బీ నా చేతిలో పెట్టారు. "తూ పెహన్. దఫ్తర్ కీ నౌకరీ హై తేరీ, కాంటా నక్కో కుచ్ నక్కో" అన్నారు.

దఫ్తర్ నౌకరీలో కాంటా ఉండదని అబ్బా అనుకున్నారు. మొదటి వారమే ప్రెస్‌మీట్‌లో ఒక తోటి విలేఖరి నా చెయ్యి పట్టి తిప్పి చూసి, "ఎవరిచ్చిండు భాయ్?" అని కన్ను గీటాడు. చెరకు బండి రైతు అడగని సవాలు మా బిరాదరీ వాడే అడిగేశాడు. ఆ రోజు నుంచి నాకు ఫుల్ షర్టు అలవాటైంది. గీతల నుంచీ చూపుల నుంచీ రెండింటికీ ఒకే పర్దా.

ఆఫీసు పని ఘడీకి ఎంత దుష్మన్ అన్నది పెట్టుకున్న వాడికే తెలుస్తుంది. బయట తిరిగిన రోజుల్లో పడని గీతలు డెస్కు మీద కూర్చుంటే పడ్డాయి. కారణం లాప్‌టాప్. టైపు చేసేటప్పుడు చైన్ కొండి సరిగ్గా దాని అంచు మీద ఆని అటూ ఇటూ జరుగుతుంది. లోహం మీద లోహం, మధ్యలో దుమ్ము. గీత పెట్టేది ఎక్కువగా ఆ దుమ్మే. అందులో ఇసుక రేణువులుంటాయి. ఇసుకంటే క్వార్ట్జ్. మోస్ అనే గట్టిదనం కొలతలో దానికి 7. స్టీలు దానికన్నా మెత్తన. సఫైర్‌కి 9, అందుకే అద్దం బతికింది. అంటే దుమ్ము పడ్డ ఘడీని షర్టు అంచుతో గట్టిగా తుడవడమంటే ఉప్పుకాగితంతో రుద్దడమే. ఇది తెలియక నేను నాలుగేళ్లు పొద్దున్నే ఎంతో మొహబ్బత్‌తో తుడిచాను. ఇప్పుడైతే ముందు మెత్తటి బ్రష్‌తో దులిపి ఆ తర్వాతే గుడ్డ పెడతా.

చైన్ వదులుగా ఉంటే ఘడీ మణికట్టు ఎముక దాటి కిందికి జారి, ప్రతి తలుపుకీ ప్రతి మేజాకీ తగులుతుంది. రెండు కడీలు తీయించాక ఎముక వెనక కుదురుగా కూర్చుంది. మేజా అంచుకి పాత మౌస్‌ప్యాడ్ ముక్క కోసి అతికించా. ఆఫీసు వాళ్లు మొదట నవ్వి, తర్వాత మణికట్టు నొప్పి తగ్గుతుందని వాళ్లూ అతికించుకున్నారు. ఫోన్ కవర్ల అయస్కాంతాలకీ లాప్‌టాప్ స్పీకర్లకీ ఘడీని దూరం పెట్టాలని మాత్రం గీత వల్ల తెలియలేదు. ఒక రంజాన్‌లో అది రోజుకి కొన్ని నిమిషాలు ముందుకు పరిగెత్తడం మొదలుపెడితే తెలిసింది. లోపలి సన్న స్ప్రింగుకి అయస్కాంతం పట్టిందట. ఇఫ్తార్ వేళ నా ఘడీ చూసి ఎవరూ ఖజూర్ ముట్టకపోవడం అదృష్టం.

అన్నిటికన్నా పెద్ద ఖతరా వజూ. బిగుతు ఘడీ కింద తడి చేరదు, విప్పాల్సిందే. విప్పి ఎక్కడ పెట్టాలి? వజూఖానా గట్టు మీద పెడితే తడి సిమెంటు. ఒకసారి అక్కడి నుంచి షాబాద్ బండల మీద పడబోయి నా పాదం మీద పడింది. గట్టిదనం వేరు, దెబ్బ ఓర్చుకోవడం వేరు. గీత పడని వస్తువే బండ మీద పడితే పగలొచ్చు. కుర్తా జేబులో వేస్తే అక్కడ బండి తాళంచెవి. ఆఖరికి టోపీ దారి చూపింది. ఘడీని టోపీలో చుట్టి పై జేబులో పెడతా. వజూ అయ్యాక ఘడీ చేతికి, టోపీ నెత్తికి.

ఉర్దూ మీడియంలో చదివినప్పుడు మేము దీన్ని ఖరోంచ్ అనేవాళ్లం. ఆ మాటలోనే గోరు గీరిన చప్పుడుంది. గిరిరాజ్ కాలేజీలో తెలుగు డిగ్రీకి చేరాక గీత అని రాయడం నేర్చుకున్నా. చేతి మీద గీతలు కూడా గీతలే, నొసటి రాతా గీతే. తెలుగు గీతలో చప్పుడు లేదు.

పోయిన చలికాలం పడ్డది మాత్రం ఖరోంచే. ఒక వార్త పని మీద బోధన్ పోయాను. ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. తెరుస్తామన్న మాట ప్రతి ఎలక్షన్లో వినబడుతుంది, మేము ప్రతిసారీ రాస్తాం. ఒక తుప్పు పట్టిన ఇనుప కంచె సందులోంచి ఫోన్‌లో ఫోటో తీద్దామని ఎడమ చెయ్యి లోపలికి పెట్టాను. తీసేటప్పుడు వినబడింది, గర్ర్ అని. కొండి నుంచి మూడు కడీల దాకా పొడుగాటి గీత. పదకొండేళ్ల రుమాలు, టోపీ, మౌస్‌ప్యాడ్ అన్నీ ఒక ఫోటోకి పోయాయి. ఆ ఫోటో పేపర్లో రాలేదు కూడా.

నిజామాబాద్ వచ్చి నేరుగా ఘడీసాజ్ దగ్గరికి పోయాను. ముసలాయన. కంటికి భూతద్దం పెట్టి చూసి, పాలిష్ కొట్టొచ్చు అన్నాడు. తర్వాత తనే, "సార్, పాలిష్ గీతని తియ్యదు. గీత లోతు దాకా చుట్టూ ఉన్న స్టీలుని తీస్తది. కడీలు సన్నబడ్తయ్. మీ మర్జీ" అన్నాడు. పైసలొచ్చే పనిని అలా ఆపే దుకాణదార్లు ఇంకా ఉన్నారు. ఘడీ వాపస్ తీసుకున్నా.

ఆ రాత్రి అబ్బాకి చూపించాను. ఎనభైకి దగ్గరపడ్డారు, చూపు తగ్గింది. ముందు లంగరు తిరుగుతుందా అని వంచి చూశారు. తర్వాత బొటనవేలి గోరు గీత పొడుగునా నడిపించారు. "కహాఁ లగా?" అన్నారు.

"ఫ్యాక్టరీ కంచెకి."

"కాంటా బాజూకా?"

"హౌ అబ్బా."

చాలాసేపు ఏమీ అనలేదు. అద్దం కంటికి దగ్గరగా పెట్టుకొని వేళ చూశారు, గోడ గడియారం చూశారు. చాబీ బయటికి లాగి ముల్లుని ఐదు నిమిషాలు ముందుకు తిప్పి తన చేతికి పెట్టుకున్నారు. చెయ్యి ఎండిపోయింది, ఘడీ మోచేతి దాకా జారింది. అలాగే పడుకున్నారు. మర్నాడు నేను ఖాళీ చేత్తో డెస్కుకి పోయా. పిల్లలు అడిగారు, నవ్వి ఊరుకున్నా.

మూడో రోజు పొద్దున నా లాప్‌టాప్ బ్యాగు మీద అబ్బా రుమాలు నాలుగు మడతల్లో ఉంది. దాని మీద ఒక పక్కకు పడుకుని ఘడీ ఉంది, చాబీ పైకి.