సగం కోసిన మల్లె తీగ

ఈ వారం రక్తపోటు గురించి వ్రాద్దామని కూర్చున్నాను. అయితే ఆ విషయం చెప్పాలంటే ముందుగా మా పెరటి మల్లె తీగ గురించి చెప్పవలసి ఉన్నది. కొంచెం ఓపిక పట్టండి.

ఈ ఇంట్లో చేరిన ఏడాది మా శ్రీమతి నాటిన దొంతర మల్లె అది. వంటింటి గోడ పక్కన ఇనుప పందిరిపైకి ఎగబాకి, ముప్పై ఏళ్ళలో ఎనిమిదడుగుల ఎత్తున గొడుగులా పరచుకున్నది. మల్లె పూసేది ముదురు కొమ్మల మీద కాదు, కొత్త చిగుళ్ళ చివర. అందువల్ల ఏటా కోత తప్పదు. కార్తికం వెళ్ళగానే పాదుకు నీరు ఆపుతాము. పది పదిహేను రోజులకు ఆకు వడలి రాలడం మొదలవుతుంది. మిగిలినదానిని చేతితో దూస్తాము. ఆపైన ఎండుపుల్లలను, ఒకదానినొకటి రాచుకునే తీగలను, బలహీనమైన రెమ్మలను తీసివేసి, తక్కినవాటిని సగానికి కత్తిరిస్తాము. కోత కణుపుకు కాస్త పైన పడాలి. కత్తెర మొద్దుబారితే కొమ్మ తెగదు, నలుగుతుంది. నలిగినచోటే కుళ్ళు మొదలవుతుంది. సంక్రాంతి నాటికి పాదు తవ్వి, చివికిన పశువుల ఎరువు వేసి నీరు పెడితే, మార్చి నెలాఖరుకు మొగ్గ కనిపిస్తుంది.

రెండేళ్ళ క్రితం డిసెంబరులో ఒక ఉదయం ఈ పనికే స్టూలెక్కాను. అప్పుడు నాకు 71 ఏళ్ళు. తల వెనక్కి వాల్చి, చేతులు పైకెత్తి, పందిరిలో సగం పూర్తిచేశాను. జారిపడిన కత్తెర కోసం దిగి, వంగి తీసుకొని, మరల స్టూలెక్కి తలెత్తేసరికి కళ్ళముందు నల్లని తెర దిగింది. తెలివి వచ్చేసరికి నేలమీద ఉన్నాను. కుడి మణికట్టు వంపు చూడగానే సంగతి అర్థమైంది. డబ్లిన్ వైద్యుడు అబ్రహాం కోలిస్ 1814లో వర్ణించిన విరుపు అది. ఎక్స్‌రే అప్పటికి పుట్టనే లేదు. నాకూ దాని అవసరం కలగలేదు.

ఎలా పడ్డారని ఆసుపత్రిలో అడిగితే "స్టూలు జారింది" అన్నాను. అది అబద్ధం. నా వృత్తి జీవితంలో ఆ మాట ఎందరి నోటనో విన్నాను. విన్న ప్రతిసారీ "జారే ముందు కళ్ళు తిరిగాయా?" అని రెట్టించి అడిగినవాణ్ణే. ఆ యువవైద్యుడు నా తెల్లజుట్టును గౌరవించి కాబోలు, రెట్టించలేదు. నాకూ అదే కావలసి వచ్చింది. కళ్ళు తిరిగాయని ఒప్పుకుంటే స్టూలు, స్కూటరు, ఒంటరి రైలు ప్రయాణం అన్నీ ఒక్కసారే పోతాయని నా భయం. రోగులు మా దగ్గర ఎందుకు దాస్తారో అప్పుడు గాని తెలిసిరాలేదు.

మూడవనాడు మా శ్రీమతి కాఫీ ఇస్తూ అడిగింది. "ఏమండీ, నేను వచ్చేసరికి స్టూలు నిలబడే ఉంది. జారినదైతే పడిపోదూ?"

ఇక దాచలేదు. ఆ రోజే రక్తపోటు చూసుకున్నాను. పడుకున్నప్పుడు పై అంకె 136, లేచి నిలబడిన రెండు నిమిషాలకు 108. నిలబడిన మూడు నిమిషాలలోపు పై అంకె 20 గాని, కింది అంకె 10 గాని తగ్గితే, దానిని పట్టించుకోవలసిన లక్షణంగా మేము లెక్కిస్తాము. కారణం వెతకడానికి దూరం పోనక్కరలేదు. మూడు వారాల ముందు ప్రోస్టేట్ కోసం టామ్‌సులోసిన్ మొదలుపెట్టారు. అది ప్రోస్టేట్ కండరాలతో పాటు రక్తనాళాలను కూడా కొంత సడలిస్తుంది. రక్తపోటు మాత్ర అంతకు ముందే ఉన్నది. ఆ ఉదయం రెండూ పరగడుపున మింగి, ఫలహారమైనా చేయకుండా పెరట్లోకి వెళ్ళాను. ఏ రోగి ఇలా చేసినా మందలించి ఉండేవాణ్ణి.

నన్ను చూసే వైద్యునికి ఉన్నదున్నట్లు చెప్పాను. ఆయన రక్తపోటు మాత్ర మోతాదు తగ్గించి, రెండవదానిని రాత్రి భోజనం తరువాతకు మార్చారు. నా అంతట నేను మార్చుకోలేదు, మీరూ మార్చుకోకండి. కాని కొత్త మందు మొదలైనప్పుడు, ముఖ్యంగా అరవై దాటినవారు, నిలబడి ఉండగా కూడా రక్తపోటు చూడమని అడగండి. సాధారణంగా కూర్చోబెట్టే చూస్తారు.

ఆరు వారాలు చేయి పట్టీలో ఉండిపోయింది. మిగిలిన సగం తీగను కోసినవారు లేరు. ఏప్రిల్‌లో ఆ పందిరిని చూసినవారు రెండు మొక్కలనుకున్నారు. కోసిన వైపు ఆకు కనబడనంతగా తెలుపు. కోయని వైపు ముదురాకుపచ్చ, చివరలలో నాలుగు పూలు.

మరుసటి ఏడు మనిషిని పిలిపించవచ్చు కదా అంటారేమో. పిలిపించాను. ఆయన కొడవలితో వచ్చాడు. కాఫీ ఇచ్చి పంపాము. వేసవి సాయంత్రాలలో ఆ పందిరి కింద కుర్చీ వేసుకోవడం నాకు పాత అలవాటు. దానిని వదలుకోలేక నిచ్చెనల ధరలు కూడా విచారించాను. చివరకు మా శ్రీమతే తేల్చింది. "పూలు నా తలలోకి కదండీ, పందిరికి కాదు. నా చేతికందే ఎత్తుకు దించేయండి."

ముప్పై ఏళ్ళ మొద్దులను ఒక్కసారిగా నరకడానికి మనసొప్పలేదు. మొక్క తట్టుకోలేదేమోనని కూడా. నిరుడు సగం మొద్దులను నడుమెత్తుకు రంపంతో కోశాను, నేలమీద నిలబడి, ఫలహారం చేసిన తరువాత. ఈ వేసవిలో పూలు పలుచగానే వచ్చాయి. మొదళ్ళ నుండి మాత్రం వేలెడు లావు కొత్త చిగుళ్ళు లేచాయి. మిగిలిన నాలుగు మొద్దుల వంతు ఈ డిసెంబరులో. రంపానికి పదును పెట్టించాలి. పందిరి ఇనుము పాతసామానువాడు పట్టుకుపోయాడు. స్టూలు పెరట్లోనే ఉన్నది. మొగ్గలు కోసేటప్పుడు మా శ్రీమతి దానిమీద బుట్ట పెట్టుకుంటుంది.